కంబోడియాలో వాలంటీరింగ్: మనం వచ్చేశాక అక్కడ ఏం మిగులుతుంది?

సెమిస్టర్ సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మన గ్రూపుల్లో కొన్ని పోస్టర్లు తిరగడం మొదలవుతుంది. "విదేశంలో నాలుగు వారాలు వాలంటీరింగ్ చేయండి, సర్టిఫికెట్ ఇస్తాం" అని. అన్నిటి మీదా దాదాపు ఒకే ఫొటో ఉంటుంది. మధ్యలో నవ్వుతున్న ఒక కాలేజీ స్టూడెంట్, చుట్టూ పదిమంది చిన్నపిల్లలు. ఆ పిల్లల పేర్లు ఎవరికీ తెలియవు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను అలాంటి ఒక ప్రోగ్రాంలో కంబోడియా వెళ్ళాను. వచ్చినప్పటి నుంచి జూనియర్లు అడుగుతూనే ఉన్నారు. ఖర్చెంత, సేఫేనా, తిండి పడుతుందా, రెజ్యూమెలో వేసుకోవచ్చా అని. ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కానీ వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నేను తిరిగొచ్చేశాక అక్కడ ఏం మిగులుతుంది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి నా తెలుగులో ఇంగ్లీష్ ముక్కలు తగులుతాయి, సర్దుకోండి.

ముందు దేశం గురించి కొంచెం

కంబోడియా విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం పెద్దది. జనాభా సుమారు కోటీ డెబ్బై లక్షలు. ఐక్యరాజ్యసమితి లెక్కలో ఇది ఇంకా బాగా వెనకబడిన దేశాల జాబితాలోనే ఉంది. మనలో చాలామందికి తెలిసింది ఒక్క అంగ్‌కోర్ వాట్. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకి కట్టించిన గుడి అది. 1986 నుంచి 1993 దాకా అక్కడ మరమ్మతులు చేసింది మన భారత పురావస్తు శాఖే.

పేదరికం చూసి "వీళ్ళకి ఏమీ రాదు, మనం వెళ్ళి నేర్పాలి" అనుకునేముందు రెండు తేదీలు గుర్తుపెట్టుకోవాలి. 1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ సైన్యం రాజధాని ఫ్నోమ్ పెన్‌ని పట్టుకుంది. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం వాళ్ళని అక్కడి నుంచి తరిమేసింది. ఈ మధ్య నాలుగేళ్ళు కూడా పూర్తిగా లేవు. ఆ కాలంలోనే పదిహేను నుంచి ఇరవై లక్షల మంది చనిపోయారని అంచనా. అంటే దేశంలో దాదాపు నలుగురిలో ఒకరు. నగరాలు ఖాళీ చేయించారు, డబ్బు రద్దు చేశారు, స్కూళ్ళు మూసేశారు. చదువుకున్నవాళ్ళని, ముఖ్యంగా టీచర్లని, వెతికి మరీ చంపారు. ఫ్నోమ్ పెన్‌లో తుఓల్ స్లెంగ్ అనే చోట ఒక హైస్కూల్‌ని జైలుగా మార్చారు. అక్కడికి తీసుకెళ్ళిన వాళ్ళలో 12,000 మందికి పైగా చనిపోయారు. ఇప్పుడది మ్యూజియం. క్లాసు గదుల్లో ఇటుకలతో కట్టిన చిన్న చిన్న సెల్స్ ఇంకా అలాగే ఉన్నాయి, ఒక మనిషి పడుకోవడానికి సరిపోయేంత.

అంటే ఈ దేశంలో చదువు వెనకబడింది జనం బద్ధకం వల్ల కాదు. ఒక తరం టీచర్లు లేకుండా పోయారు. మిగిలిన కొద్దిమంది మళ్ళీ మొదటి నుంచి కట్టుకుంటూ వచ్చారు. ఇవాళ్టికీ చాలా ప్రభుత్వ స్కూళ్ళు రెండు షిఫ్టుల్లో నడుస్తాయి. కొందరు పిల్లలు పొద్దున వెళ్తారు, కొందరు మధ్యాహ్నం. ఆ మిగిలిన పూట కోసమే పల్లెల్లో చిన్న చిన్న లెర్నింగ్ సెంటర్లు పుట్టాయి. నేను పనిచేసింది అలాంటి ఒక సెంటర్లోనే. బట్టంబాంగ్ ప్రావిన్సులో, చుట్టూ వరి పొలాలు. కోనసీమ వాళ్ళెవరైనా వెళ్తే సొంత ఊరనుకుంటారు.

పోస్టర్ మీది ఫొటో వెనక

వాలంటీరింగ్ అనగానే మనకి తట్టేది అనాథాశ్రమం. కంబోడియా విషయంలో సరిగ్గా అక్కడే ఆగి ఆలోచించాలి.

2005లో కంబోడియాలో పిల్లల ఆశ్రమాలు 154 ఉంటే, 2010 నాటికి 269 అయ్యాయి. ఐదేళ్ళలో 75 శాతం పెరుగుదల. యుద్ధం ఎప్పుడో ముగిసిపోయింది, దేశం కొద్దికొద్దిగా కోలుకుంటోంది. మరి అనాథలు ఎక్కణ్ణుంచి వచ్చారు? అక్కడి ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసి చేసిన అధ్యయనం 2011లో బయటికొచ్చింది. ఆ పిల్లల్లో నలుగురిలో సుమారు ముగ్గురికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని తేలింది.

ఇది ఎలా జరిగిందో మనకి ఎకనామిక్స్ క్లాసులో చెప్పిన డిమాండ్, సప్లై లెక్కే. టూరిస్టులు, వాలంటీర్లు పిల్లలతో గడపడానికి డబ్బు కడతారు. డబ్బు వస్తుంది కాబట్టి ఆశ్రమాలు పెరుగుతాయి. ఆశ్రమం నిండాలంటే పిల్లలు కావాలి. పేద ఇంటికి వెళ్ళి "మీ బిడ్డకి మూడు పూటలా తిండి పెడతాం, ఇంగ్లీష్ చెప్పిస్తాం" అంటే ఏ తల్లి కాదంటుంది? అన్ని ఆశ్రమాలూ మోసమని కాదు. కానీ మంచి మనసుతో కట్టిన డబ్బే పిల్లల్ని ఇంటి నుంచి బయటికి లాగే పరిస్థితి వచ్చింది. పైగా రెండు వారాలకొక కొత్త అక్క వచ్చి దగ్గరికి తీసుకుని, అలవాటయ్యాక వెళ్ళిపోతుంటే ఆ పిల్లకి ఎలా ఉంటుంది?

అందుకే అక్కడ 2011లో "పిల్లలు పర్యాటక స్థలాలు కారు" అనే ప్రచారం మొదలైంది. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసినప్పుడు, ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా ఆ కోవలోనే చూసింది.

మా బ్యాచ్‌లో ఆరుగురం ఉండేవాళ్ళం. సియెమ్ రీప్‌లో ఒకరోజు ఆటో అతను గుళ్ళు చూపించాక "ఆశ్రమం కూడా చూస్తారా, పిల్లలు డాన్స్ చేస్తారు" అని అడిగాడు. మాలో ఇద్దరికి వెళ్ళాలని ఉంది. "బియ్యం బస్తా కొనిచ్చి వద్దాం, తప్పేముంది" అన్నారు. గంటసేపు వాదించుకున్నాం. చివరికి ఒకమ్మాయి అన్న మాటతో ఆగిపోయాం: "మన ఊళ్ళో హాస్టల్లో ఉండే పిల్లల్ని ముక్కూమొహం తెలియని వాళ్ళు వచ్చి డాన్స్ చేయమంటే వార్డెన్ ఒప్పుకుంటాడా?"

"నాకు చెప్పు, నేను పిల్లలకి చెప్తాను"

మా సెంటర్లో ఇద్దరు లోకల్ టీచర్లు. ఖ్మేర్ భాషలో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరు. అన్నైనా అక్కైనా "బొంగ్". తాతని "తా" అంటారు, మన తాతలో సగం. టీచరమ్మని "నెక్ క్రూ" అంటారు, ఆ క్రూ మన గురువే. నేను ఆవిడని బొంగ్ అనే పిలిచేదాన్ని.

మొదటిరోజు సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక బొంగ్ తన ఇంగ్లీషులో నెమ్మదిగా ఒక మాట చెప్పింది. "మా పిల్లలకి కళ్ళు, చెవులు, ముక్కు ఇంగ్లీషులో బాగా వచ్చు. వచ్చిన ప్రతి వాలంటీరూ అక్కణ్ణుంచే మొదలుపెడతారు. నాలుగు వారాలకి వెళ్ళిపోతారు. ఇంకొకరు వచ్చి మళ్ళీ కళ్ళు, చెవులు, ముక్కు. మూడేళ్ళయింది, మా పిల్లలు ముక్కు దాటి ముందుకెళ్ళలేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ అడిగింది: "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదా. పిల్లలకి చెప్పొద్దు, నాకు చెప్పు. నేను పిల్లలకి చెప్తాను. నేను ఎక్కడికీ వెళ్ళను కదా."

నా నాలుగు వారాల ప్లాన్ ఆ ఒక్క మాటతో తయారైంది. పొద్దున రెండు గంటలు ఇద్దరు టీచర్లతో కూర్చునేదాన్ని. స్ప్రెడ్‌షీట్‌లో అటెండెన్స్ ఎలా పెట్టాలి, మార్కులు ఎలా కూడాలి, ఖ్మేర్‌లో ప్రశ్నపత్రం ఎలా టైప్ చేయాలి. మధ్యాహ్నం వాళ్ళు క్లాసు చెప్తుంటే నేను వెనక బెంచీలో కూర్చునేదాన్ని. పిల్లలకి నేర్పేది వాళ్ళే. కంప్యూటర్ మొరాయిస్తే మాత్రం నేను లేచేదాన్ని.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది, దాచకూడదు. వాలంటీర్లు కట్టే ఫీజులో కొంత భాగంతోనే ఆ సెంటర్ కరెంటు బిల్లు గడుస్తోంది. వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి కావాల్సింది పిల్లలతో సమయం, పిల్లలతో ఫొటోలు. "టీచర్లతోనే పని అంటే ఎంతమంది వస్తారో" అని బొంగ్‌కి భయం. వాళ్ళు మధ్యేమార్గంగా ఒక పద్ధతి పెట్టుకున్నారు. సాయంత్రం అరగంట పిల్లలతో ఆటలు, అదీ టీచర్ ఎదురుగానే. పాఠం మాత్రం లోకల్ టీచర్‌దే. తల్లిదండ్రుల్ని అడగకుండా ఫొటో తీయకూడదు. ఈ పద్ధతి ఎంతకాలం నిలబడుతుందో వచ్చే వాలంటీర్ల మీద ఆధారపడి ఉంది. అంటే మన మీద.

ఒత్తులు, ఒక కనిపించని ఖాళీ

ఈ భాగం మన బ్రాంచ్ వాళ్ళకి నచ్చుతుంది. ఖ్మేర్ లిపి దక్షిణ భారతదేశపు పల్లవ లిపి నుంచి పుట్టింది. మన తెలుగు లిపి కూడా దక్షిణాది బ్రాహ్మీ నుంచే వచ్చింది కాబట్టి రెండూ దగ్గరి చుట్టాలు. వాళ్ళకీ మనలాగే ఒత్తులున్నాయి. అక్షరం కింద అక్షరం వస్తుంది. దాన్ని వాళ్ళు అక్షరపు "కాలు" అంటారు. మనం క్ష టైప్ చేయాలంటే క, పొల్లు, ష వరసగా కొడతాం కదా, వాళ్ళూ అంతే. మధ్యలో ఒక గుర్తు పెడితే తర్వాతి అక్షరం కిందికి దిగుతుంది. ఇది చూపించగానే బొంగ్ నా తెలుగు కీబోర్డు అడిగి తన పేరు తెలుగులో రాయించుకుంది.

వాళ్ళ అంకెల్లో ఒకటి, రెండు, మూడు మన ౧, ౨, ౩ లాగే ఉంటాయి. లెక్కపెట్టడం మాత్రం ఐదుతో నడుస్తుంది. ఒకటి మూయ్, రెండు పీ, ఐదు ప్రామ్. ఆరు అంటే ప్రామ్-మూయ్, అంటే ఐదూ-ఒకటి. ఏడు ఐదూ-రెండు. పది దగ్గర మళ్ళీ కొత్త మాట, డాప్. నంబర్ సిస్టమ్స్ చాప్టర్ ఊళ్ళో కూరగాయల బేరంలో కనిపిస్తుంది. అన్నట్టు, తేదీతో సహా దొరికిన అతి పాత సున్నాల్లో ఒకటి కంబోడియా శాసనంలోదే. శక సంవత్సరం 605 అని చెక్కి ఉంటుంది, అంటే క్రీ.శ. 683. అందులో సున్నా ఒక చుక్క.

ఇక అసలు పని. అటెండెన్స్ షీట్‌లో పిల్ల పేరు కళ్ళ ముందు కనిపిస్తోంది, వెతికితే మాత్రం దొరకడం లేదు. కారణం ఇది. ఖ్మేర్‌లో మాటల మధ్య మనలా ఖాళీ వదలరు, వాక్యం మొత్తం కలిపే రాస్తారు. అయితే లైను ఎక్కడ విరగాలో కంప్యూటర్‌కి తెలియాలి కాబట్టి మాటల మధ్య వెడల్పు లేని ఒక ఖాళీని టైప్ చేస్తారు. అది కంటికి కనపడదు. ఒక టీచర్ పేరు మధ్యలో ఆ ఖాళీ కొట్టారు, ఇంకో టీచర్ కొట్టలేదు. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి వేర్వేరు. యూనికోడ్‌లో దాని నంబర్ 8203. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో యూనిచార్ 8203 ఇచ్చి దాన్ని తీసేస్తే పేర్లన్నీ కలిశాయి.

ఆ ఫార్ములా నేనే రాసి వదిలేస్తే పది నిమిషాల పని. ఎందుకు రాయాలో బొంగ్‌కి అర్థమయ్యేలా చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఆవిడే రెండో టీచర్‌కి ఖ్మేర్‌లో వివరించింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ నాలుగు వారాల్లో పనికొచ్చిన క్లాసు ఏదంటే మాత్రం అదే అంటాను.

ఆతిథ్యం ఉచితం కాదు

కంబోడియా వాళ్ళు ఎదురుపడితే అడిగే మాట "న్యామ్ బాయ్ హావ్యి నౌ?" అన్నం తిన్నావా అని. మన ఇళ్ళలో అడిగినట్టే. ఊళ్ళో ఎవరి ఇంటి ముందు నుంచి వెళ్ళినా ఇదే పలకరింపు, వెంటనే ఒక ప్లేటు. శాకాహారులు ముందే చెప్పాలి, ఎందుకంటే చాలా కూరల్లో ప్రహోక్ అనే పులియబెట్టిన చేప ముద్ద పడుతుంది. మా ఆతిథ్య ఇంటావిడ నా కోసం విడిగా వండేది. ఆ విడి వంటకి విడిగా కూరగాయలు, విడిగా గ్యాస్. అందుకే ఇంటికి ఎంత ఇస్తున్నారో ప్రోగ్రాం వాళ్ళని ముందే అడగండి. పేదవాళ్ళు ప్రేమగా పెడుతున్నారని ఖర్చు లేనట్టు కాదు.

మర్యాదలు మనవే. రెండు చేతులు జోడించి నమస్కారం, దాన్ని సంపెయా అంటారు. పెద్దవాళ్ళకి చేతులు ఇంకాస్త పైకెత్తాలి. ఇంట్లోకి చెప్పులు వద్దు, కాళ్ళు ఎవరివైపూ చాపకూడదు, తల మీద చెయ్యి పెట్టకూడదు. బౌద్ధ భిక్షువుల్ని ఆడవాళ్ళు తాకకూడదు. పల్లెల్లో, ముఖ్యంగా థాయ్‌లాండ్ సరిహద్దు వైపు, నడిచే దారి వదిలి తుప్పల్లోకి వెళ్ళొద్దు. యుద్ధం నాటి మందుపాతరలు ఇంకా ఉన్నాయి. వాటిని వాసన చూసి పట్టడానికి ఆఫ్రికా పెద్ద ఎలుకలకి శిక్షణ ఇస్తారు. మగావా అనే ఎలుకకి 2020లో బ్రిటన్‌లో బంగారు పతకం కూడా ఇచ్చారు.

సాయం చేయాలంటే వాలంటీరే కానక్కర్లేదు. అంగ్‌కోర్ టికెట్‌లో రెండు డాలర్లు పిల్లలకి ఉచితంగా వైద్యం చేసే కంతా బోఫా ఆసుపత్రులకి వెళ్తాయి. ఫారే సర్కస్ చూస్తే ఆ డబ్బు బట్టంబాంగ్‌లో వాళ్ళ కళల స్కూలుకి ఉపయోగపడుతుంది. శరణార్థి శిబిరంలో బొమ్మలు గీయడం నేర్చుకున్న కుర్రాళ్ళు తిరిగొచ్చి 1994లో పెట్టిన స్కూల్ అది. టికెట్ కొని, చూసి, చప్పట్లు కొట్టి రావచ్చు. అదీ సాయమే.

ఫీజు కట్టేముందు అడగాల్సినవి

1. నేను చేయబోయే పని అక్కడి మనిషికి జీతం ఇచ్చి చేయించవచ్చా? అవునంటే నేనెందుకు?

2. నేను ఎవరితో కలిసి పనిచేస్తాను? ఆ లోకల్ మనిషి ఎవరు, ఆ పని అడిగింది ఆవిడేనా?

3. పిల్లల దగ్గరికి పంపేముందు నా గురించి పోలీస్ సర్టిఫికెట్ అడిగారా? అడగలేదంటే ఎవర్నైనా పంపిస్తారని అర్థం. అక్కడికి వెళ్ళొద్దు.

4. నా ఫీజులో సెంటర్‌కి ఎంత, ఇంటికి ఎంత, ఏజెన్సీకి ఎంత?

5. నా పనికి ఏ వీసా కావాలి? టూరిస్ట్ వీసా వేరు, ఆర్డినరీ వీసా వేరు. జవాబు రాతలో తీసుకోండి.

6. నా ముందు వచ్చినవాళ్ళు ఎక్కడిదాకా చేశారో రాసి పెట్టారా? నేను రాసిపెట్టడానికి పుస్తకం ఉందా?

ఆరో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ ముక్కు దాటి ముందుకెళ్ళే దారి అదే. మనం కోడ్ రాసినప్పుడు తర్వాత వచ్చేవాళ్ళ కోసం డాక్యుమెంటేషన్ రాస్తాం, కనీసం రాయమని సార్లు చెప్తారు. మా సెంటర్లో ఇప్పుడు ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ ఉంది. ఎడమ పేజీలో బొంగ్ ఖ్మేర్‌లో రాస్తుంది, కుడి పేజీలో వాలంటీర్ ఇంగ్లీషులో. ఏ పాఠం అయింది, ఏది కాలేదు, ఏ కంప్యూటర్‌కి ఏ జబ్బు అన్నీ అందులో ఉంటాయి. నా తర్వాత వచ్చిన అబ్బాయి ప్రశ్నపత్రాల టైపింగ్ దగ్గర అందుకున్నాడని బొంగ్ మెసేజ్ పెట్టింది.

ఇదంతా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకే అనుకోవద్దు. మన ఎన్ఎస్ఎస్ వాళ్ళు ఏటా వారం రోజులు దత్తత గ్రామంలో క్యాంపు పెడతారు. స్కూల్ గోడకి రంగు వేస్తాం, ర్యాలీ తీస్తాం, గ్రూప్ ఫొటో దిగుతాం. పోయిన ఏడాది క్యాంపు ఏం చేసిందో ఆ స్కూల్ హెడ్‌మాస్టర్‌ని ఎవరైనా అడిగారా? ఈసారి వెళ్ళే బ్యాచ్ పెయింట్ డబ్బాతో పాటు ఒక నోట్‌బుక్ కూడా కొనండి. మొదటి పేజీ మీరు రాయకండి, అక్కడి టీచర్ చేత రాయించండి. ఆ ఊరికి ఏం కావాలో ఆయనకి తెలుసు. క్యాంపు అయ్యాక పుస్తకం ఆయన దగ్గరే వదిలేసి రండి.